మడతమంచం

దర్జీకి నలభై ఆరేళ్ళు. బరిలో పడిపోయి అప్పటికి తొమ్మిది నెలలు.

పడటమంటే అలాంటిలాంటి పడటం కాదు. పోయినేటి టోర్నమెంటులో, రెండో రౌండులో, బస్సు కండక్టరు ఎడమచేత్తో పక్కనుంచి విసిరిన హుక్కు గుద్దు దవడకి తగిలింది. ముందు మోకాళ్ళు మడతపడ్డాయి. తర్వాత నడుము. ఆ తర్వాత మనిషి మొత్తం నేలమీద పరుచుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టే నాథుడు కూడా లేకపోయాడు. కొట్టిన కండక్టరే కంగారుపడి, గ్లవ్సు తియ్యకుండానే మొహాన నీళ్ళు చల్లాడు.

బావమరిది అదంతా ఫోనులో తీశాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఆ వీడియో అందించేవాడు. వారం తిరిగేసరికి దర్జీకి 'మడతమంచం' అని పేరొచ్చింది. కొత్తగా బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా మడతమంచం షాపెక్కడని అడుగుతూ వచ్చేవారు.

బాక్సింగ్ సంఘం కార్యదర్శి మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి చూస్తామనీ, ఈసారీ పడితే గేటు దగ్గర కూర్చుని టిక్కెట్లు చింపుకోవచ్చనీ మర్యాదగానే చెప్పాడు.

ఆ మాట దవడదెబ్బకన్నా గట్టిగా తగిలింది. దర్జీ పదహారేళ్ళుగా బరి ఎక్కుతున్నాడు. వారమంతా మిషను ముందు వంగి కూర్చునే మనిషి నిటారుగా నిలబడేది ఆ తాళ్ళ మధ్యనే.

మర్నాడే పాత కోచ్ దగ్గరికి వెళ్ళాడు. కోచ్ అతని చుట్టూ ఒకసారి తిరిగి, బొజ్జని వేలితో పొడిచి చూశాడు.

"దెబ్బ కాచుకోవడానికి మూడు దారులు. చేతులు అడ్డం పెట్టడం, తల తప్పించడం, అడుగు తీసి జరగడం. మొదటిది మర్చిపో. నీ చేతులకి వేరే పనుంది" అన్నాడు.

"మిగతా రెండూ ఎన్నాళ్ళకి వస్తాయి మాస్టారూ?"

"అవి వస్తాయిలే. ముందు ఊపిరి రావాలి."

స్కిప్పింగు మొదటిరోజు పదకొండు గెంతులతో ఆగిపోయింది. తాడు పొట్టిగా ఉందన్నాడు దర్జీ. కోచ్ అతని మెళ్ళో టేపే లాగి, తాడు కొలిచి చూపించాడు. షాపున్న భవనానికి నాలుగంతస్తులు. రోజూ పొద్దున్నే ఐదుసార్లు ఎక్కి దిగమన్నాడు. మొదటివారం దర్జీ మూడో అంతస్తు దాటలేదు. అక్కడ పళ్ళ డాక్టరు గది ముందు కూలబడితే, వరసలో మీ నంబరెంత అని నర్సు అడిగేది. ఒక రౌండు సాధన అయ్యాక స్టూలు మీద కూర్చోబోతే కోచ్ దాన్ని కాలితో పక్కకి నెట్టేశాడు. రౌండుకీ రౌండుకీ మధ్య దొరికే ఆ ఒక్క నిమిషమూ నిలబడే ఊపిరి తీసుకోమన్నాడు.

తల తప్పించే సాధన ఇంట్లో జరిగింది. గుడ్డపీలికలు ఉండలు చుట్టి విసరమని కోచ్ చెప్పి పంపితే, భార్య ఆ బాధ్యత సంతోషంగా తీసుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో మనసులో దాచుకున్నవన్నీ ఆ ఉండల్లో చుట్టి మరీ విసిరింది. మొదట్లో పదికి తొమ్మిది తగిలేవి. చేతిని కాదు, భుజాన్ని చూడమన్నాడు కోచ్. మూడునెలలయ్యేసరికి పదికి ఒకటి తగలడం కూడా గగనమైంది. ఆవిడకి కొంచెం నిరాశగానే ఉండేది.

టోర్నమెంటు రోజు పొద్దున ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చింది.

"గెలిచి రమ్మనను. నిలబడి రండి, చాలు" అంది.

హాలు కిటకిటలాడుతోంది. ముందువరసలో బావమరిది, అప్పటికే ఫోను పైకెత్తి పట్టుకుని. ఆఖరి పోటీకి బరిలోకి దిగింది ఆ కండక్టరే.

మొదటి రౌండంతా దర్జీ దూరందూరంగా తిరిగాడు. మడతమంచం, దగ్గరికెళ్ళు, కరవడులే అని వెనకనుంచి ఎవరో అన్నారు. రెండో రౌండులో వెళ్ళక తప్పలేదు. వెళ్ళాడు. అదే ఎడమచెయ్యి, అదే హుక్కు. భుజం కదలగానే దర్జీ తల వెనక్కి తీశాడు. ముక్కుకి గాలి తగిలింది, గ్లవ్సు తగల్లేదు.

మూడో రౌండుకి కండక్టరు రొప్పుతున్నాడు. చేతులు ఎటు పోతున్నాయో అతనికే తెలియడంలేదు. దర్జీ ఊపిరి మాత్రం మిషను నడిచినట్టు సాఫీగా నడుస్తోంది. ఒక గుద్దుకి వంగాడు. ఇంకోదానికి పక్కకి జరిగాడు. చివరి గంట మోగింది. దర్జీ రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నాడు.

బావమరిది మొహం వేలాడేసుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన మా ఆయనే అని, అడక్కపోయినా, భార్య పక్కావిడకి చెప్పింది.

ఫలితం కోసం హాలంతా మునివేళ్ళ మీద లేచింది. మైకులో పేరు చదవగానే, ఆ పోటీకి రిఫరీ అయిన దర్జీ, తనకు చెరోపక్కన నిలబడ్డ బాక్సర్లిద్దరిలో గెలిచినవాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.