మూడో నంబరు బావి

క్రిస్మస్‌కు ఇంకా వారం ఉంది.

మెదక్ చర్చి వెనక వీధిలో, నవోమి బావి గట్టు మీద ఒకాయన ఎర్ర రంగుతో మూడో నంబరు వేస్తున్నాడు. నాలుగు రోజుల కింద సీసాల్లో నీళ్లు పట్టుకుపోయిన మనిషే.

నవోమి చీపురుతోనే బయటికి వచ్చింది.

"సారూ, నా బావి మీద గా రంగేంది?"

"నీళ్ల పరీక్షమ్మా. పండుగకు జనం బండ్లు కట్టుకొని వస్తరు గద. ఏ బావి నీళ్లు తాగొచ్చో చూసి నంబరు వేస్తున్నం."

"మూడంటే?"

"తాగొద్దని."

నవోమికి ఒళ్లు మండింది. అరవై ఏళ్ల మనిషికి నీళ్ల సంగతి ఒకరు చెప్పాలా? ఆ వాడలో బావుల మంచిచెడ్డలు చెప్పేది కందిపప్పు. నవోమి బావి నీళ్లు పోస్తే పప్పు ఇట్టే మెత్తబడుతుంది. అంతకన్నా పరీక్ష ఏముంటుంది?

"మీ సీసల నీళ్లతోని పప్పు వండి చూసిండ్రా?"

"పక్క మోరిల మురికి నీళ్లు లోపలికి దిగుతున్నయమ్మా. పప్పుకు గది తెల్వదు."

"మెదక్‌కు కొత్తనా మీరు? గీ బావి పేరు ఎవర్నన్న అడుగుండ్రి."

"ఇటు డ్యూటీ పడ్డప్పుడల్లా మార్పించుకుంటుంటి. ఇగ రిటైరయితున్న. ఈసారి వచ్చిన."

"జర ఆ నంబరు తుడువుండ్రి సారూ. జనం నా వాకిట్లకు రాకపోతే నేను ఆగమైత. ఒక మనిషి కోసం చూస్తున్న."

"ఎవరి కోసం?"

నవోమి చీపురు కింద పెట్టింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆమె చెప్పే కథే అది.

"పోలీస్ యాక్షన్‌కు పదేండ్ల ముందట, పండుగకు గత్తర లేచింది, గదే కలరా. గీడనే ఒక కుటుంబం బండి దిగింది. తల్లి గా దినమే వాంతులై పోయింది. తండ్రి సోయి లేకుంట పడితే లారీల ఏసి పట్నం తీస్కపోయిండ్రు. రెండేండ్ల పిల్ల నా దగ్గర మిగిలింది."

ఆయన చేతిలో కుంచె ఆగిపోయింది.

"రెండు దినాలు ఒళ్లకెంచి దించలే. మూడో నాడు నిద్రలనే పోయింది సారూ. ఏడ్వలే. బాపూ అనుడు తప్ప మాటలు రాలే దానికి. పేరేందో తెల్వక సమాధి రాయి గట్లనే వట్టిగున్నది. వాళ్ల నాయిన ఎన్నడన్న బావి ఆనవాలు పట్టి వస్తడు. నీ బిడ్డ ఒంటిగ పోలేదయ్యా అని చెప్పాలె. పేరు అడగాలె. గంతే."

నవోమికి కన్నపిల్లలు లేరు. రెండు రోజులు ఒళ్లో పడుకున్న ఆ బిడ్డ మీద ఉన్నంత బెంగ ఆమెకు ఇంకెవరి మీదా లేదు. ఇరవై ఆరు పండుగలు గట్టు దగ్గరే నిలబడి, నీళ్లకు వచ్చిన ప్రతి మగమనిషి ముఖంలోకీ చూసింది.

ఉన్నట్టుండి ఆమెకు ఏదో తట్టింది.

"సారూ, గత్తర నీళ్లతోని వస్తదా? ఆ బిడ్డ తాగింది నా బావి నీళ్లే."

ఆయన కుంచె డబ్బాలో పెట్టాడు. బావిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"లేదమ్మా," అన్నాడు చివరికి. "ఆ యేడు గాలి మంచిగ లేకుండె."

నవోమి గుండె కుదుటపడింది.

"అయితే నంబరు తుడువుండ్రి మరి."

"అది మాత్రం తుడువనమ్మా. పండుగకు ఇంకా మస్తు మంది పిల్లలు వస్తరు."

రంగు డబ్బా తీసుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు. మనిషి మంచివాడే కానీ మొండిఘటం అనుకుంది నవోమి.

మర్నాడు తేల్చుకుందామని ఆయన దిగిన చర్చికి బయలుదేరింది. సమాధుల దొడ్డి చూసుకునే గాబ్రియేలు గేటు దగ్గరే ఎదురుపడ్డాడు.

"నీళ్ల సారు ఏడున్నడు గాబ్రియేలూ? నంబరు తీసేదాక ఆయన్ని ఇడువ."

"పొద్దుగాల బస్సుకే పోయిండక్కా. నిన్న మాపటిదాక ఈ దొడ్లనే కూసున్నడు."

"ఈడ ఆయనకేం పని?"

గాబ్రియేలు తలమీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వట్టి రాయి కాడ కూసున్నడక్కా. పోయేటప్పుడు నన్ను పిలిచి, ‘నా బిడ్డ పేరు ఎలిశిబా, రాయి మీద చెక్కుండ్రి, ముందుగాల నవోమమ్మకు చెప్పుండ్రి’ అన్నడు."