కొండ వైపు కిటికీ

బెజవాడలో అపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేచాక, జనం ఎదురిల్లు కనబడకుండా కిటికీలకు బొమ్మల అద్దాలు బిగించుకున్నారు. శేషారత్నం కిటికీలో పాత పోస్టుకార్డు బొమ్మ ఉంది. బ్యారేజీ, దాని మీద ఒక ఎడ్లబండి, వెనక అమ్మవారి కొండ. బొమ్మ ఏనాటిదైనా కొండ ఆ వైపే ఉందని నమ్మి, పదకొండేళ్లుగా ఆమె రోజూ పొద్దున్నే ఆ కిటికీకే హారతి ఇస్తోంది.

ఆవేళ బొమ్మ మసకబారిందని అద్దాలు బిగించే సైదులు వచ్చి పాత అద్దం ఊడదీశాడు.

శేషారత్నం బయటికి చూసింది. రెండు బారల దూరంలో మరో ఇంటి కిటికీ. అందులో ఎవరో ముసలావిడ గంట వాయిస్తూ, సూటిగా తనవైపే చూస్తూ హారతి పళ్లెం తిప్పుతోంది.

"ఇదేంటయ్యా! ఆవిడ నాకు హారతిస్తోందేంటి?"

"మీక్కాదులెండి అమ్మగారూ. ఆమె అద్దంలోనూ ఆ కార్డు బొమ్మే. బయటికి మామూలు అద్దమే గానీ, లోపల్నించి ఆమెకి మీరసలు కనబడరు."

"మరి కొండేదీ?"

సైదులు స్క్రూడ్రైవరుతో ఆమె వెనక్కి చూపించాడు. "అటు, మీ వంటింటి అవతల. ఇన్నాళ్లూ తెలీదా?"

అమ్మవారికి వీపు పెట్టి, ఇన్నేళ్లూ ఈవిడకా హారతిచ్చింది! అవన్నీ ఎవరికి చేరినట్టు?

"కొత్తది బిగించెయ్యనా?"

"ఉండవయ్యా, ఆవిడ హారతి కానీ."

అంటూనే ఆమెకు తట్టింది. ఎదుటావిడకి దిక్కు సరిగ్గానే కుదిరింది. ఆ హారతికీ కొండకీ మధ్య తానే అడ్డంగా నిలబడి ఉంది. శేషారత్నం లెంపలేసుకుని గబుక్కున పక్కకు తప్పుకుని, సైదుల్ని కూడా చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది.