పిట్ట ముట్టిన ముద్ద

భద్రమ్మకు సిగ్గూ శరమూ లేవట. బోరింగు దగ్గర రేణుక అందరి ముందూ అన్నదట. "జైల్ల వడ్డోని కోసం గిట్ల మానుకోట చుట్టు తిరుగుడేంది? సచ్చినోని ఉసురు తగలదా?"

ఆ మాట భద్రమ్మ చెవిన పడనే పడింది. ఐలేశ్‌కు వకీలును వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెను నాట్లకు పిలిచేవాళ్లు లేరు. బతుకమ్మ నాడు పక్కన ఎవరూ నిలబడలేదు. సొంత మరిది ఎదురైతే తల తిప్పుకుంటాడు. ఇంట్లో మాట్లాడాలంటే ఉన్నది బర్రె ఒక్కటే. అది ఊఁ కొట్టదు.

ఆ రోజు భద్రమ్మ నెల్లికుదురులో ఆటో ఎక్కి మానుకోట కోర్టుకు వచ్చింది. కోర్టు వెనక గదిలో తేజస్విని కూర్చుంటుంది. వకీలును పెట్టుకోలేని ఖైదీలకు సర్కారు ఖర్చుతో వకీలును కుదిర్చే పని ఆమెది. హత్య కేసులో యావజ్జీవం పడ్డ ఐలేశ్ తరఫున హైకోర్టులో అప్పీలు వేయించాలని చూస్తోంది. మొదటిసారే "మావోడు బిడ్డా" అంటూ వచ్చిన భద్రమ్మను ఆమె ఇంకేమీ అడగలేదు.

"ఏమన్నడు?" కూర్చోకుండానే అడిగింది భద్రమ్మ.

"వకీలే వద్దంటున్నడవ్వా."

"ఎందుకట?"

"వీడియోల మాట్లాడిన. గడువు దాటినా అడగొచ్చు, పైస ఖర్చు లేదు, ఒక్క సంతకం పెట్టమన్న. 'బయటికొచ్చి ఏ మొఖం పెట్టుకొని ఊళ్లెకు పోవాలె, నాకెవరున్నరు' అన్నడు. కాయితం పక్కకు నూకిండు."

భద్రమ్మ బెంచీ మీద కూలబడింది. "వాడు పెట్టకుంటే?"

"నా చేతుల ఏం లేదవ్వా. బతికినన్ని రోజులు లోపలనే."

ఫ్యాను కిర్రుమంటోంది. భద్రమ్మ కొంగు ముడి విప్పింది, మళ్లీ వేసుకుంది.

"పిట్టకు మాటిచ్చిన బిడ్డా."

"ఏ పిట్టకు?"

"పెత్తరమాసకు పోయినోళ్ల పేరు మీద పెట్టిన ముద్ద ఏటేటా పిట్ట ముట్టకపాయె. ముట్టలేదంటే పోయినోళ్ల పానం ఇంక దేనికో కొట్టుకుంటున్నట్టే గద. పొలం అమ్మం అని మావోళ్లు మొక్కిండ్రు. ముట్టలే. బర్రెను మంచిగ సాకుతం అన్నరు. ముట్టలే. ఈయేడు అందరు పోయినంక నేనొక్కదాన్నే నిలవడ్డ. ఐలేశ్ గా పని చెయ్యలే, వానికి వకీలును పెడ్త అన్న. రెక్కల సప్పుడైంది. మెతుకు మిగలకుంట తిన్నది."

తేజస్విని పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. పోయిన పెద్దాయన ప్రాణమంతా జైల్లో ఉన్న కొడుకు మీదే ఉందన్నమాట, అనుకుంది.

"పరేషాన్ కాకవ్వా. రేపు మళ్ల మాట్లాడుత. మీ అమ్మ వచ్చి నా ముంగట కూసున్నదని చెప్త. తల్లి మాట కాదంటడా?"

"గట్ల చెప్పకు. వాళ్లమ్మ వాడు లోపల ఉండంగనే కాలం జేసింది. ఆమెకు నిప్పు పెట్టనీకి గూడ వాడు రాలే."

రాస్తున్న పెన్ను ఆగింది.

"మరి నువ్వు ఐలేశ్‌కు ఏమైతవవ్వా?"

"వాడు సంపిండని శిక్ష వడ్డది గదా, గా సచ్చిన పిలగాని తల్లిని."