ఎడమ అంచు

"ఈ అంచు ఎవరిదమ్మా?" అని అడిగింది పక్కింటి సఫియే, కావాలనే అందరికీ వినబడేలా.

కోకబ్ వంగి చూసింది. ఆ పొద్దున్నే కోడలు తాహెరే మగ్గం మీంచి కోసి తెచ్చిన తివాచీ వాకిట్లో పరిచి ఉంది. నడుమ పెద్ద పతకం, నాలుగు మూలలా ఒకే పువ్వులు, ఎటు నుంచి చూసినా ఒకేలా ఉండే పని. కుడి అంచు దారం పట్టి గీసినట్టుంది. ఎడమ అంచే వంకరలు పోయింది. మగ్గానికి బిగించి ఉన్నంతకాలం బయటపడని తప్పు అది. తివాచీలకు పేరుపడ్డ కాషాన్ ఊళ్లో కోకబ్ మగ్గం నుంచి ఇలాంటి పని ఏనాడూ దిగలేదు. చూడవచ్చిన ఆడవాళ్లు గులాబీ షర్బత్తు పక్కన పెట్టి అంచుకేసే చూస్తున్నారు.

"కుడిపక్క కూర్చుని నేసింది నేను. ఎడమపక్క మా కోడలు," అంది కోకబ్.

తాహెరే తల దించుకుంది.

"నోట్లోంచి మాట రాదేం? నలుగురిలో నా పరువు తీశావు గదే. అందరి ముందూ చెబుతున్నా విను. ఈ అంచు నేసిన చెయ్యి ఇక నా మగ్గాన్ని ముట్టుకోదు."

"పోనీలే కోకబ్, చిన్నపిల్ల," అంది సఫియే, సంతోషం దాచుకోలేక.

"అన్నమాట అన్నదే."

మగ్గమంటే తాహెరేకు ప్రాణం. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా "సరే అత్తమ్మా" అని ఊరుకుంది.

కోకబ్ చతికిలబడి, ముడతలు సర్దుదామని తివాచీని తనవైపుకి నిమిరింది. అరచేతికి గరుకుగా తగిలింది. మళ్లీ నిమిరింది. గరుకే. ఊలు ఎప్పుడూ నేత మొదలుపెట్టిన కొసవైపుకే వాలుతుంది. మొదలు తనవైపు ఉంటే చెయ్యి మెత్తగా జారాలి. అంటే తామిద్దరూ కూర్చుని నేసిన మొదలు అటుంది. ఎడమ అనుకున్నది కుడి. ఆ వంకర అంచు తనదే.

కోకబ్‌కు తల కొట్టేసినట్టయింది. కొన్నాళ్లుగా తన వేళ్లు వణుకుతున్న సంగతి ఎవరూ చూడలేదనుకుంది.

"కొసలు తారుమారయ్యాయే," అంది మెల్లగా. "తిప్పి పరుద్దాం పట్టు. వీళ్లకు నేనే చెబుతా."

తాహెరే ముడతలు సర్దుతున్నట్టే పక్కన కూర్చుని, అత్త చేతిని గట్టిగా పట్టుకుంది.

"తిప్పకండి అత్తమ్మా. కోసినప్పుడే మీ అంచు చూశాను. కావాలనే ఇలా పరిచాను."