అద్దంలో కనబడని బండి

చక్రధర్ మన కోమలికి ద్రోహం చేశాడు. కన్యాకుమారి నుంచి తిరిగొస్తూ, మదురై దాటాక ఆమె బండి చైను తెగితే, ఎండలో ఒంటరిగా వదిలేసి మిగతా బండ్లన్నిటినీ చిత్తూరుకు నడిపించాడు. కలిసి బయలుదేరినవాళ్లు కలిసే రావాలన్నది మన బైకు యాత్రల సంఘం నియమం కాదా?

నిలదీస్తే, “అద్దంలో కనపడలేదబ్బా!” అన్నాడు.

“అట్లయితే కాణిపాకం వినాయకుని ముందర తడిగుడ్డలతో ప్రమాణం చెయ్!” అన్నాను.

“చేస్తాలేబ్బా, పద!”

కోమలి నవ్వింది. “ఆయప్ప అందరికన్నా ముందర పోతా ఉండినాడు, సూడలేదేమో. నువ్వు నా ఎనకాలే వచ్చినావు. నేను చెయ్యి ఊపతా ఉంటే హారన్ కొట్టుకుంటా దాటిపోయినావే, నీ కండ్లకేమైందప్పా?”

సభ్యులారా, ఆదివారం ఉదయం ఆరు గంటలకు అందరూ కాణిపాకం గుడి ముందుకు రండి. చక్రధర్ ప్రమాణం చేస్తాడు. నేను చేయలేను.