ముగ్గురికి టేబుల్

"అందరూ వస్తేనే టేబుల్ ఇస్తామండీ. మా పద్ధతి అంతే," అంది గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్న అమ్మాయి.

"పదింటికల్లా వచ్చేస్తారు. దారిలోనే ఉన్నారు," అంది యెసేనియా.

"వచ్చాక చెప్పండి. ఈలోగా మీ వెనకవాళ్లని పంపిస్తాను."

ఆదివారం ఉదయం. షికాగోలో లోగన్ స్క్వేర్. ఆ పేటలో ఆదివారం పూట టిఫిన్ తినాలంటే ముందు ఫుట్‌పాత్ మీద తపస్సు చెయ్యాలి. యెసేనియా తొమ్మిది కాకముందే వచ్చి నిలబడింది. తొమ్మిదీ నలభైకల్లా వంతు వచ్చింది. వచ్చి ఏం లాభం? కుక్కపిల్లల్ని చంకనేసుకున్న జంటలు, నిద్ర కళ్లతోనే వచ్చిన కుర్రకారు, ఒక్కొక్కరే ఆమెను దాటుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఈ హోటల్‌ని ఆమె ఆషామాషీగా ఎంచుకోలేదు. ఆసుపత్రి లాండ్రీలో పని. పోతూ వస్తూ బస్సులో, ఆ పేట హోటళ్ల మీద జనం రాసిన మంచీచెడ్డా మూడు వారాలపాటు చదివింది. ఒకచోట గుడ్లు బాగుంటాయి గానీ పిల్లల్ని చూస్తే మొహం మాడ్చుకుంటారట. ఇంకోచోట కాఫీ అమృతం, కుర్చీలు ముళ్లు. ఇక్కడ మాత్రం పాన్‌కేక్ టోపీ అంత ఎత్తు లేస్తుంది. పోయినసారి కలిసినప్పుడు ఆరేళ్ల నైలా రెండు చేతులూ ఎత్తి మరీ చూపించింది. తన స్నేహితురాలి పుట్టినరోజు ఇక్కడే చేశారట.

"ఈసారి మనమూ అక్కడికే," అని మాటిచ్చింది యెసేనియా.

సరిగ్గా పదింటికి డార్లీన్ కారు ఆగింది. వెనక తలుపు తెరవగానే నైలా ఒక్క దూకు దూకింది.

"యెసీ! టోపీ పాన్‌కేక్!"

"టోపీ పాన్‌కేకే, బంగారం!"

"మేం పదకొండుకల్లా బయల్దేరాలి," అంది డార్లీన్, కాస్త నొచ్చుకుంటూనే. "నైలాకి ఈత క్లాసుంది. ఆలస్యమైతే నీళ్లలోకి దిగనివ్వరు."

"తెలుసు. అందుకే ముందొచ్చి నిలబడ్డాను."

గుమ్మం దగ్గరి అమ్మాయి జాబితా చూసి పెదవి విరిచింది. "మూడుసార్లు పిలిచాం. మీ పేరు అడుక్కి పోయింది. ఇంకో నలభై నిమిషాలు పడుతుంది."

"నీ కళ్లెదురుగానే ఉన్నాను కదమ్మా!"

"మీరున్నారు. మీవాళ్లు లేరు."

యెసేనియా పక్క వీధిలో హోటల్‌కి పరుగెత్తింది. అక్కడ గంటన్నర అన్నారు. తిరిగొచ్చి ఈ పిల్లతోనే గట్టిగా పోట్లాడదామనుకుంది. కానీ డార్లీన్ చూస్తోంది. డార్లీన్ ముందు గొంతు పెంచడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

"అమ్మా, దాహం," అంది నైలా. డార్లీన్ నీళ్ల సీసా తీసిచ్చింది. ఆమె సంచిలో సీసా, చేతిగుడ్డ, జుట్టు పిన్నులు, బొమ్మల పుస్తకం, అన్నీ ఉన్నాయి. యెసేనియా తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దూర్చుకుంది.

పదీ నలభై రెండుకి టేబుల్ దొరికింది. డార్లీన్ పాపను చేతులు కడగడానికి తీసుకెళ్లింది. నెరిసిన జుట్టు వడ్డనావిడ కాగితం పట్టుకుని వచ్చింది.

"పాపకేం తెమ్మంటారు? వాళ్లమ్మ వచ్చాక చెప్తారా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు," అంది యెసేనియా గబగబా. మూడు వారాలుగా నోట్లో ఆడుతున్న మాట. "టోపీ పాన్‌కేక్. పెద్దది. పైన పెకాన్ పప్పులు దండిగా వెయ్యండి. నాకు టోస్టు చాలు."

"మీరు పిన్ని కదూ? ఆ బుగ్గన సొట్ట అచ్చం మీదే!"

"అందరూ అదే అంటారు," అని నవ్వింది యెసేనియా.

పళ్లెం పదీ యాభై మూడుకి వచ్చింది. నిజంగా టోపీ అంతే ఉంది. నైలా కేక పెట్టి ఫోర్కు ఎత్తింది.

"ఆగు!" డార్లీన్ పళ్లెం ఇవతలికి లాగేసింది. "ఇవేంటి? పెకాన్లా?"

"ఆఁ. ఏం?"

"దానికి జీడిపప్పు, బాదం లాంటి పప్పులేవీ పడవు, యెసేనియా! చలికాలంలో గొంతు వాచి ఊపిరాడక రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంది."

యెసేనియా పళ్లేన్ని ఇంకా దూరంగా నెట్టేసింది. "నాకెవరూ చెప్పలేదే."

డార్లీన్ తల దించుకుంది. "చెప్పాల్సింది. తప్పు నాదే."

ఇంకొకటి చెయ్యాలంటే మళ్లీ పది నిమిషాలు పడుతుందంది వడ్డనావిడ. యెసేనియా తన పళ్లెంలోని టోస్టు తుంచి నైలా ముందు పెట్టింది. పాప దాన్ని మూలల నుంచి కొరుక్కుంటూ, "పర్లేదు యెసీ, ఇది కూడా బాగుంది," అంది. ఆ ఓదార్పే యెసేనియాకి ఎక్కువ బాధగా అనిపించింది.

గోడ గడియారంలో పదీ యాభై తొమ్మిది.

"ఒక్క పది నిమిషాలు, డార్లీన్. ఈత ఒక్కరోజు మానితే ఏమవుతుంది?"

"నా చేతుల్లో ఉంటే ఇవ్వనా?"

నైలా కుర్చీ దిగి వచ్చి యెసేనియా మెడ చుట్టూ చేతులేసింది. వెన్న అంటిన వేళ్లు చల్లగా తగిలాయి. "వచ్చేసారి పప్పుల్లేనిది తిందాం," అని చెవిలో చెప్పి, డార్లీన్ పక్కకెళ్లి కోటు తొడిగించుకుంది.

డార్లీన్ సంచిలోంచి కోర్టువారి కాగితం తీసి బల్ల మీద పరిస్తే, 'బిడ్డతో ఈ నెల గంట ముగిసింది' అన్న గడి పక్కన, 'కన్నతల్లి' అన్నచోట యెసేనియా సంతకం పెట్టింది.