అమ్మ చెయ్యి

"మళ్ళీ పుండ్లు లేచాయా?" పాప గడ్డం పైకెత్తి చూస్తూ అడిగింది డాక్టరమ్మ.

"యాంటీబయాటిక్ ఒక్క పూట కూడా మానలేదండీ. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చింది." అంది తల్లి.

"ఆయింట్‌మెంటు ఎవరు రాస్తున్నారు?"

"నేనేనండీ. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వను."

డాక్టరమ్మ ఆమె చేయి అందుకుని చూసింది. చూపుడువేలి గోరు పక్కన చీము పట్టి వాచి ఉంది.

"ఇదెప్పట్నించి?"

"గోరుచుట్టు లెండి. పాప గొడవలో పడి దాన్నెవరు పట్టించుకున్నారు?"

"పాపకి అంటుతున్నది ఇదేనమ్మా. ఇద్దరికీ మందు రాస్తాను. ఇది మానేదాకా పాపని వాళ్ళ నాన్నకి అప్పగించండి."

తల్లి తన వేలి వంక చూసుకుంది.

"అమ్మా, ఎత్తుకో!" బల్ల మీద కూర్చున్న పాప రెండు చేతులూ చాచింది.

ఆమె గబుక్కున ముందుకు వంగి, అంతలోనే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది. పాప ఏడుపు లంకించుకుంది.